రాహుకాలానికి ముందే నొక్కిన ఎర్ర బటన్

నేను బాగుచేసిన యంత్రాల్లో సగానికి ఏ జబ్బూ లేదు. ఈ మాట సర్వీసులో ఉండగా బయటికి అని ఉంటే మా షాపు యజమాని సాహుకారుగారు నా నోరు కుట్టేసేవారు. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను, ఎవరికీ భయపడక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

ఒడిశాలోని రాయగడలో ఒక టీవీల షాపులో ముప్పై ఆరేళ్ళు పనిచేశాను. అందరూ నన్ను మిస్త్రీబాబు అనేవారు. అసలు పేరు రామ్మూర్తి అని మా ఆవిడకీ, సాహుకారుగారికీ, పోస్టుమ్యాన్‌కీ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలీదు. టీవీ రావడం లేదని కబురొస్తే ఘాట్ రోడ్డులో బస్సెక్కి, పక్క సీటు వాళ్ళ వాంతులు తప్పించుకుంటూ కొరాపుట్ దాకా వెళ్ళి, గోడ మీద స్విచ్చి వేసి తిరిగొచ్చిన రోజులు నాకు లెక్కలేనన్ని ఉన్నాయి. స్విచ్చి వేసి వచ్చేస్తే ఇంటాయనకి చిన్నతనంగా ఉంటుందని, పది నిమిషాలు వెనకాల మూత విప్పి, లోపల ఊదుతూ కూర్చునేవాణ్ణి. ఇది కూడా పనిలో భాగమే. దీన్ని ఏ ఐటీఐలోనూ నేర్పరు.

ఇప్పుడు డిష్షులు బిగించేవాళ్ళూ, రికార్డింగు ఉన్న సెట్‌టాప్ బాక్సులు అమర్చేవాళ్ళూ మా వీధిలోనే అరడజను మంది ఉన్నారు. వాళ్ళు నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మీ కాలంలో రికార్డింగు ఎలగుండేది?" అని అడుగుతూ ఉంటారు. నా కాలం అంటే వీసీఆర్ కాలం. రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత పెట్టె. అందులో లావుపాటి పుస్తకమంత క్యాసెట్టు దూర్చాలి. టీవీలో వచ్చేది అందులోకి పట్టొచ్చు, పట్టింది మళ్ళీ చూడొచ్చు. వినడానికి ఇంతే. దీన్ని మనుషులకి నేర్పడంలో నా జుట్టంతా పోయింది. మా ఆవిడ అది మా నాన్నగారి పోలిక అంటుంది గాని, నాకు కారణం తెలుసు.

కుంకానికి చోటు

ముందు చిన్న కేసు చెబుతాను. కొరాపుట్‌లో ఒక ఇంజనీరుగారింట్లో వీసీఆర్ ప్రతి దసరా తర్వాత పాడయ్యేది. మొదటి ఏడు వెళ్ళి మూత తీస్తే లోపల పసుపు. బొమ్మని చదివే భాగం మీద కుంకం. క్యాసెట్టు దూర్చే నోట్లో నాలుగు అక్షింతలు, ఒక చామంతి రేక. ఇంజనీరుగారి భార్య ఆయుధపూజ నాడు ఆయనగారి స్కూటరుకీ, కుట్టుమిషనుకీ, మిక్సీకీ బొట్టు పెట్టి, వీసీఆర్ దగ్గరికి వచ్చేసరికి బొట్టు ఎక్కడ పెట్టాలో తోచక, నోరు తెరిచి ఉన్న చోట పెట్టేసింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇది దేవుడి విగ్రహమేటమ్మా, కుంకం పొయ్యడానికి?" అని కసిరాను. ఆవిడ ఆ పూట మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. మరుసటి దసరాకి మళ్ళీ అదే పసుపు, అదే కుంకం, ఈసారి రెండు చామంతి రేకలు.

మూడో ఏడు దసరాకి వారం ముందే వెళ్ళాను. రూపాయి బిళ్ళంత ఎర్ర కాగితం గుండ్రంగా కత్తిరించి, వీసీఆర్ పైమూత మీద కుడి మూల అతికించి, "అమ్మా, బొట్టు దీని మీద పెట్టాలి. ఇదే దీని నుదురు" అన్నాను. ఆవిడ సంతోషించి బెల్లం పరమాన్నం పెట్టింది. ఆ యంత్రం మళ్ళీ నా చేతికి రాలేదు. ఆ రోజు నుంచి నేను ఏ తెలుగువాళ్ళ ఇంట్లో మిషను పెట్టినా ముందు ఎర్ర కాగితం అతికించి, తర్వాతే వైర్లు విప్పేవాణ్ణి. ఇదొక గొప్ప సంగతి కనిపెట్టానని నాకు గర్వంగా ఉండేది. ఈ గర్వం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

సాహుకారుగారి ఇనప్పెట్టె

మా యజమాని కామేశ్వరరావుగారు. ఊరంతా సాహుకారుగారనే పిలిచేది. వాళ్ళ తాతలు పార్వతీపురం వైపు నుంచి వచ్చి రాయగడలో బట్టల కొట్టు పెట్టారు. ఈయన సగం కొట్టులో చీరలు అలాగే ఉంచి మిగతా సగంలో టీవీలు పెట్టాడు. టీవీ కూడా చీర అమ్మినట్టే అమ్మేవాడు. "రంగు సూడండి, అంచు సూడండి" అనేవాడు.

మంచివాడే. కానీ ఒక పిచ్చి ఉండేది. ఏ మిషను వచ్చినా దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని, అంటే వాడే విధానం రాసిన ఇంగ్లీషు పుస్తకాన్ని, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. కొన్నవాళ్ళకి ఇస్తే పోగొడతారట, మిస్త్రీలకి ఇస్తే నూనె చేతుల్తో నలిపేస్తారట. పుస్తకం కావాలంటే వెళ్ళి అడగాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆయన ఎదురుగా కూర్చుని చదివి, ఆయన చేతికే తిరిగివ్వాలి.

నేను ఒక్కసారి కూడా అడగలేదు. పుస్తకం అడగడం అంటే నాకు తెలీదని ఒప్పుకోవడం. చీరలు మడతపెట్టే వాళ్ళ ముందు నేను చేతులు కడుక్కుని బడిపిల్లాడిలా కూర్చోవడమా? నాకు తెలిసిన అయిదారు బటన్లు నొక్కేవాణ్ణి. వీసీఆర్ ముందు ఒక చిన్న తలుపు ఉండేది, దాని వెనక ఇంకో వరస బటన్లు ఉండేవి. కొన్నవాళ్ళు "ఇయ్యేటి బావూ?" అని అడిగితే, "అయి కంపెనీవాళ్ళవి, ముట్టుకోకూడదు" అనేవాణ్ణి. పదేళ్ళు ఇలా నెట్టుకొచ్చాను. ఇప్పటి పిల్లలు కూడా ఫోనులో ఏదో వెతుకుతున్నట్టు నటించి ఇదే పని చేస్తున్నారు, నేను చూస్తూనే ఉన్నాను.

రామనగుడలో ఒక ఆదివారం

ఇక అసలు కేసు.

రామనగుడలో సూర్రావు అనే రైతు ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, వరి పండిస్తారు. ఆయన కూతురు పైడితల్లి, పదేళ్ళ పిల్ల. ఇంట్లో పైడి అనేవారు. వాళ్ళ బడి పిల్లల్ని భువనేశ్వర్ తీసుకెళ్ళి టీవీలో పాటలు పాడించారు. మిగతా పిల్లలు ఒడియా పాటలు పాడితే, ఈ పిల్ల వాళ్ళ నాయనమ్మ నేర్పిన తెలుగు ఊడుపుల పాట పాడింది. ఊడుపులంటే తెలుసుగా, వరి నాట్లు. ఆ పాట ఒక ఆదివారం సాయంత్రం అయిదింటికి ఒడియా కార్యక్రమంలో వస్తుందని బడికి ఉత్తరం వచ్చింది.

నాయనమ్మ పేరు నరసమ్మగారు. ఆవిడకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంటికి శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేయిద్దామంటే రెండేళ్ళుగా ససేమిరా అంటోంది. "కంట్లో కత్తెట్టించుకుని ఇప్పుడు నాను సూడాల్సిందేటుందిరా?" అనేదట. మనవరాలు టీవీలో కనపడుతుందనగానే తనంతట తనే లేచి, "పదండి, కోయించండి" అంది. రాయగడలో కంటి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన తేదీ చూస్తే, పాట వచ్చే ఆదివారానికి సరిగ్గా మూడు రోజుల ముందు. అంటే ఆ ఆదివారం ఆవిడ కంటికి కట్టుతో ఆసుపత్రి మంచం మీద ఉంటుంది. అద్దాలు రావడానికి ఇంకో నెల.

తేదీ మార్చమంటే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు, ఈలోగా ముసలావిడ మనసు మార్చుకోవచ్చు. సూర్రావు తల్లికి మాటిచ్చాడు. "అమా, నీ కన్ను వచ్చేదాకా పైడిని పెట్టెలో పట్టి ఉంచుతాను. తెరిసి సూపిస్తాను." ఆ మాట పట్టుకుని మా షాపుకి వచ్చి వీసీఆర్ అద్దెకి అడిగాడు. సాహుకారుగారు నన్ను పంపించాడు.

ఆదివారం పొద్దున్నే పెట్టె ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. బస్సు ఆలస్యం, టీ దొరకలేదు, పైగా మధ్యాహ్నానికి గుణుపురంలో ఇంకో పని. నా మొహం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఎర్ర కాగితం అతికించాను, కుంకానికి చోటు చూపించాను. వైర్లు బిగించాను. రికార్డింగు చేసి చూపించి, టేపు మొదటికి తిప్పి పెట్టాను. ఇంట్లో అందరినీ వరసగా నిలబెట్టి పాఠం చెప్పాను.

"సూర్రావుగారూ, ఇదిగో ఎర్ర బటన్. దీన్నీ, పక్కన ఉన్నదాన్నీ రెండు వేళ్ళతో ఒకేసారి నొక్కాలి. నొక్కేక మరి ముట్టుకోకూడదు. ఎవులొచ్చినా, ఏటైనా, నాను రేపొచ్చేదాకా దీని మీద సెయ్యి పడకూడదు."

"ఎప్పుడు నొక్కాల బావూ?"

"అయిదింటికి కదా పోగ్రాం. అయిదు నిమిషాల ముందు నొక్కండి."

సూర్రావు భార్య వైపు చూశాడు. భార్య క్యాలెండరు వైపు చూసింది.

"ఆదోరం నాలుగున్నర కాణ్ణించి రాహుకాలం కదా మిస్త్రీబావూ. కొత్త మిషను, ఆడపిల్ల పాట, మా అమ్మ కన్ను. రాహుకాలంలో ఎలగ మొదలెడతాం?" అన్నాడు సూర్రావు.

నాకు గుణుపురం బస్సు హారన్ వినిపిస్తోంది.

"అయితే రాహుకాలానికి ముందే నొక్కుకోండి, నాకేటి!" అని సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాను.

నా బుర్రలో ఉన్నది నాలుగూ ఇరవై అయిదు. అలా అని నోటితో చెప్పలేదు. కుంకం సంగతి కనిపెట్టిన మహానుభావుణ్ణి, ముహూర్తం సంగతి కనిపెట్టలేకపోయాను.

సోమవారం పొద్దున వెళ్ళేసరికి ఇల్లంతా పెళ్ళివారిల్లులా ఉంది. గుమ్మానికి మామిడాకులు. వీసీఆర్ ముందు కొబ్బరిచిప్పలు, సగం కాలిన అగరొత్తులు. ఎర్ర కాగితం మీద చక్కటి బొట్టు, యంత్రం మీద ఇంకెక్కడా చుక్క కుంకం లేదు. నా శిష్యుల్ని చూసి నాకు ముచ్చటేసింది. సూర్రావు నా చేతిలో కొబ్బరిముక్క పెట్టాడు.

"పాట బాగా వచ్చింది బావూ టీవీలో. వీదోళ్ళందరూ వచ్చి సూసేరు. మిషను కూడా జోరుగా పనిసేసింది."

"ఎప్పుడు నొక్కేరు?"

"పంతులుగారు మంచి గడియ సూసి పెట్టేరు. ఒంటిగంటా పదికి."

కొబ్బరిముక్క నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

"మద్దేనం ఒంటిగంటకా?"

"ఊఁ. మీరు సెప్పినట్టే, నొక్కేక ఈగని కూడా వాలనివ్వనేదు. నాలుగు దాటేక టక్కుమంది, గిర్రున తిరిగింది. హుషారుగా తిరుగుతంది, బాగా పడతంది అనుకున్నాం."

టేపు మూడు గంటలది. ఒంటిగంటా పదికి మొదలైంది నాలుగూ పదికి అయిపోయి, టక్కుమని ఆగి, గిర్రున మొదటికి చుట్టుకుపోయింది. అయిదింటికి పైడి టీవీలో పాడుతుంటే ఆ పెట్టె అగరొత్తుల పొగలో హాయిగా నిద్రపోతోంది.

అయినా ఆశ చావక వేసి చూశాను. మొదట వినికిడి లేనివాళ్ళ వార్తలు. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ నోరు విప్పకుండా చేతులతో వార్తలు చెబుతోంది. ఆ తర్వాత ఏదో రాష్ట్రపు సినిమా, అందులో ఒక ముసలాయన పడవలో గంటన్నర కూర్చుంటాడు. చివర ఎరువుల గురించి ఒక శాస్త్రవేత్త. ఆయన యూరియా బస్తా వైపు వేలు చూపించగానే టేపు అయిపోయింది.

"మూడు గంటల టేపండీ ఇది. అంతకంటే పట్టదు" అన్నాను.

సూర్రావు కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలనేవాణ్ణి. ఆయన మెల్లగా, "మరి ఆ మాట సెప్పనేదేటి బావూ?" అన్నాడు. అంతే.

పైడి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "నాయనమ్మకి ఏటి సెప్తాం నానా?" అని తండ్రిని అడిగింది. తండ్రి గుమ్మం మామిడాకుల వైపు చూస్తుంటే నా వైపు తిరిగింది. "మీరు సెప్తారేటి?"

ఆ పిల్ల నన్ను దెప్పడానికి అడగలేదు, నిజంగానే అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. కొబ్బరిముక్క జేబులో వేసుకుని బస్సెక్కాను.

చేతులు కడుక్కోవడం

షాపుకి వచ్చి సాహుకారుగారికి చెప్పాను. చెప్పడం కూడా నాకు అనుకూలంగానే మొదలుపెట్టాను. పల్లెటూరివాళ్ళు, రాహుకాలమంటారు, ముహూర్తమంటారు, వీళ్ళకి మిషన్లెందుకు అన్నాను. ఆయన చీర మడతపెడుతూ అంతా విన్నాడు.

"ఓరి రామ్మూర్తీ, బొట్టు పెడతారని నీకు ముందే తెలిసింది. కాగితం అతికించేవు. మరి మంచి గడియ సూస్తారని తెల్దేటి? నువ్వు నీ పెళ్ళికి రాహుకాలంలో తాళి కట్టేవేటి?"

ముప్పై ఆరేళ్ళలో ఆయన నన్ను చాలాసార్లు తిట్టాడు, చాలాసార్లు అన్యాయంగానే తిట్టాడు. ఆ రోజు మాత్రం న్యాయం ఆయన వైపే ఉంది. యంత్రానికి ఆరంభం ఎలాగో చెప్పి, అది ఎప్పుడు ఆగిపోతుందో చెప్పకపోవడం నా తప్పు. పిల్లలూ, ఏ పెట్టె అమర్చినా ముందు అది ఎంతసేపు పనిచేస్తుందో, ఎప్పుడు ఆగుతుందో చెప్పండి. బటన్లు ఎలాగూ వాళ్ళే నొక్కుకుంటారు.

టీవీ కేంద్రానికి ఉత్తరం రాశాం. జవాబు రాలేదు. నరసమ్మగారికి కట్టు విప్పారనీ, అద్దాలకి కొలతలిచ్చారనీ, ఆసుపత్రిలో నర్సులందరికీ, "ఇంటికాడ పెట్టెలో నా మనవరాలుంది" అని చెబుతోందనీ కబురు వచ్చింది.

మర్నాడు సాహుకారుగారి ముందు నిలబడి, "ఆ పుస్తకం ఇస్తారా? ఈ మిషనులో నాకు తెలీనిది ఇంకేమైనా ఉందేమో చూస్తాను" అన్నాను. చీరలు మడతపెట్టేవాళ్ళంతా తలలెత్తారు. ఆయన ఒక్క మాట కూడా అనకుండా తాళంచెవి తీశాడు. అనకపోవడం ఆయన పెద్దమనసు. ఆ వెంటనే, "సేతులు కడుక్కో, సబ్బు పెట్టి" అన్నాడు.

ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాను. పదేళ్ళుగా నేను కంపెనీవాళ్ళవని చెబుతున్న బటన్లలో ఒకటి దొరికింది. ముందే పట్టిన టేపులో బొమ్మ అలాగే ఉంచి, మాట చెరిపేసి, కొత్త మాట ఎక్కించే బటన్. పక్కనే మైకు దూర్చే చిన్న కన్నం. పదేళ్ళుగా అది మేకు కొట్టడానికి పెట్టిన కన్నం అనుకుంటున్నాను.

నరసమ్మగారి అద్దాలు

నా ఆలోచన ఇది. పైడి చేత పాట మళ్ళీ పాడించి టేపు మీదికి ఎక్కిస్తాను. బొమ్మలో పైడి ఉండదు, నిజమే. బొమ్మ చెడిపోయిందనీ, పాట మిగిలిందనీ ముసలావిడకి చెబుదాం. సగం అబద్ధం, సగం నిజం. పడవలో ముసలాయన మీదా, యూరియా శాస్త్రవేత్త మీదా పాట ఎక్కిస్తే వాళ్ళ నోళ్ళు వేరేగా కదులుతుంటాయి. నోరు విప్పనిది ఆకుపచ్చ చీర ఆవిడ ఒక్కతే. అందుకని వినికిడి లేనివాళ్ళ వార్తల మీదే ఎక్కిద్దామని నిర్ణయించాను. ఈ నిర్ణయానికి ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

నరసమ్మగారు అద్దాల కోసం రాయగడ వెళ్ళిన రోజే నేను వీసీఆరూ, ఆ టేపూ, ఒక మైకూ పట్టుకుని రామనగుడ వెళ్ళాను. ఆవిడ సాయంత్రం బస్సుకి తిరిగొస్తుందని లెక్క. పన్నెండింటికి మైకు బిగించి, పైడిని టీవీ ఎదురుగా నిటారుగా నిలబెట్టి, ఇంట్లోవాళ్ళందరి నోళ్ళ మీద వేళ్ళు పెట్టించి, చిన్న తలుపు తెరిచి బటన్ నొక్కాను. పిల్ల పాట ఎత్తుకుంది. గొంతు గంటలా ఉంది. తెర మీద ఆకుపచ్చ చీర ఆవిడ చేతులు తిప్పుతోంది. నాలుగు చరణాలు బ్రహ్మాండంగా వచ్చాయి.

అయిదో చరణంలో గుమ్మం దగ్గర కర్ర చప్పుడైంది. నరసమ్మగారు తెలిసినవాళ్ళ జీపులో ముందే వచ్చేశారు. ముక్కు మీద సోడాబుడ్డి అద్దాలు, వెనక జీపాయన చేతిలో మూట.

"ఎవులమ్మీ ఆ పాట? పైడేనా?"

నేను రెండు చేతులూ ఊపాను. ఆవిడకి అద్దాలు కొత్త, నేను కనపడ్డానో లేదో తెలీదు.

"ఏటే, అలగ కర్రలాగ నిలబడి పాడతన్నావు? ఊడుపుల్లో నడ్డి వంగుంటాది కదా. నడ్డి వంచమ్మీ. ఊపిరి కిందికెళ్తాది, పాట బరువుగా వస్తాది."

"మామ్మగారూ! మాటాడకండి! రికార్డవుతంది!" అని నేను అరిచాను.

"అవనీ! తప్పు పాట రికార్డయితే మంచిదేటి?"

అని కర్ర గోడకి ఆనించి, నడుం వంచి, ఆవిడే ఎత్తుకుంది. వణుకుతున్న గొంతు. అయినా పాట ఆవిడ చెప్పినట్టే బరువుగా వచ్చింది. పైడి కూడా వంగి అందుకుంది. రెండు వరసలు పాడారో లేదో కరెంటు పోయింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కరెంటు వచ్చాక మొత్తం చెరిపి మళ్ళీ చేద్దామన్నాను. నరసమ్మగారు ఒప్పుకోలేదు. "పైడి పెట్టెలో ఉందని సెప్పేరు. ముందు సూపించండి" అని టీవీ ముందు మంచం వాల్చుకుని కూర్చుంది. రెండు గంటల తర్వాత కరెంటు వచ్చింది. ఆ రెండు గంటలూ ఆవిడ లేవలేదు, మేమెవరం నిజం చెప్పలేదు.

వేశాను. పాట మొదలైంది. తెర మీద ఆకుపచ్చ చీర ఆవిడ గంభీరంగా చేతులు ఆడించింది. నరసమ్మగారు అద్దాలు సర్దుకుని ముందుకి వంగింది.

"ఈవిడెవులు? బాగానే అబినయం సేస్తంది. పైడి ఏదీ?"

ఇంతలో టేపులో, "ఎవులమ్మీ ఆ పాట?" అని ఆవిడ గొంతే వినిపించింది. సరిగ్గా అప్పుడే ఆకుపచ్చ చీర ఆవిడ వేలెత్తి మా అందరినీ చూపించింది.

"ఓలమ్మో! ఇది నా మాటే కదేటి!"

ఇంక దాచలేక సూర్రావు అంతా చెప్పేశాడు. రాహుకాలం, ఒంటిగంటా పది, మూడు గంటల టేపు. నేను తల దించుకుని, "తప్పు నాదే మామ్మగారూ. నేనే చెప్పలేదు" అన్నాను. నా ఉద్యోగంలో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఆవిడ కాసేపు నన్ను చూసింది. అద్దాల వెనక ఆ కన్ను కోడిగుడ్డంత కనిపించింది. తర్వాత పైడిని దగ్గరికి లాక్కుని, దాని మొహం రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఎంత నల్లగయిపోయేవే, ఎండలో తిరగొద్దంటే ఇనవు" అంది. ఆ తర్వాత నాతో, "మిస్త్రీ, దీన్ని సూడ్డానికి టీవీ ఎందుకు, ఎదురుగానే ఉంది. నా పాట పెట్టెలోకెక్కిందా నేదా? మళ్ళీ ఎయ్యి" అంది.

ఆ సాయంత్రం ఏడుసార్లు వేయించింది. వీధిలో ఎవరొచ్చినా ఆకుపచ్చ చీర ఆవిడని చూపించి, "మా పాటకి టీవీ ఆవిడ ఆడతంది" అని చెప్పింది. క్యాసెట్టు వాళ్ళకే వదిలేసి వచ్చాను.

క్యాసెట్టు మళ్ళీ వచ్చింది

ఇది రాయడానికి కారణం పోయిన నెల జరిగింది. మా ఇంటి తలుపు కొట్టి ఒకావిడ, "మిస్త్రీబాబుగారిల్లు ఇదేనా?" అని అడిగింది. నలభై దాటిన మనిషి, కళ్ళజోడు, చేతిసంచీ. కుందుర బడిలో హెడ్మిస్ట్రెస్‌నని చెప్పింది. పేరు చెప్పేదాకా నేను పోల్చుకోలేదు. పైడితల్లి. నాయనమ్మ పోయి ఇరవై ఏళ్ళయిందట. సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది, అందులో క్యాసెట్టు.

నా దగ్గర ఒక వీసీఆర్ ఇంకా ఉంది. మా ఆవిడ దాన్ని పాత సామానువాడికి వేసేద్దామని ఏటా అంటుంది. టేపుకి తెల్లగా బూజు పట్టింది. రెండు రోజులు మెత్తటి గుడ్డతో తుడిచి, మెల్లగా ఎక్కించాను. బొమ్మ పూర్తిగా పోయింది. ఆకుపచ్చ చీర ఆవిడ ఎక్కడో తెల్లటి చుక్కల వెనక మాయమైపోయింది. మాట మాత్రం శుభ్రంగా ఉంది. దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించడానికి అంతా సిద్ధం చేసి, పైడిని పిలిచాను.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది? "మీ పాట నాలుగు చరణాలు చక్కగా ఉన్నాయమ్మా. తర్వాత మీ నాయనమ్మగారి మాటలూ, నా అరుపూ ఉన్నాయి. ఆ ముక్క కత్తిరించేసి పాట ఒక్కటీ ఎక్కిస్తాను" అన్నాను.

ఆవిడ కంగారుగా నా చేతికి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండి! పాట నాకొచ్చు, ఇప్పుడడిగినా పాడతాను. నాయనమ్మ గొంతు ఇంకెక్కడా నేదు. ఆ ముక్క కోసమే కుందుర నించి వచ్చేను."

నేను కాసేపు యంత్రం తుడుస్తున్నట్టు అటు తిరిగి కూర్చున్నాను. నేను సరిగ్గా చెప్పి ఉంటే, వాళ్ళు సరిగ్గా నాలుగూ ఇరవై అయిదుకి నొక్కి ఉంటే, ఆ టేపులో పిల్ల పాట మాత్రమే ఉండేది. దీన్నుంచి ఏం నేర్చుకోవాలో మీకు చెప్పడం నా వల్ల కాదు. తప్పులు చెయ్యమని చెప్పలేను కదా.

ఇద్దరం వింటూ కూర్చున్నాం. నాలుగు చరణాలయ్యాయి. కర్ర చప్పుడు వినిపించింది. పైడి చెయ్యెత్తి, "ఒకపాలి వెనక్కి తిప్పి మళ్ళీ ఎయ్యండి" అంది. తిప్పి వేశాను. నరసమ్మగారు మళ్ళీ గుమ్మంలోకి వచ్చి, ఎవులమ్మీ ఆ పాట అని అడిగి, "నడ్డి వంచమ్మీ" అన్నారు. కుర్చీలో కూర్చున్న హెడ్మిస్ట్రెస్ చేతిసంచీ కింద పెట్టి, నడుం కొంచెం వంచింది.